దూప, వడ, గత్తర: నిర్జలీకరణ శబ్దవిచారము

ఉత్తర తెలంగాణమున కరీంనగరము, ఆదిలాబాదు అను రెండు మండలముల నడుమ గోదావరి పాఱుచున్నది. 2016వ సంవత్సరమున ఈ మండలములు పెక్కు చిన్న జిల్లాలుగా విభక్తములైనను, మాటతీరున ఈ సీమ నేటికిని ఒక్కటిగనే యున్నది. ఇచ్చట గ్రీష్మము మిక్కిలి తీవ్రము. రామగుండము, ఆదిలాబాదు ప్రాంతములలో వేసవియందు ఉష్ణమానము 45 సెల్సియసు డిగ్రీలను దాటుట కొత్త కాదు. పెద్దనది చెంతనే యున్నను, దానికి దూరముగ నున్న పల్లెలును అడవిలోని గూడెములును బావులమీదను, వాగుల యిసుకలో త్రవ్విన చెలిమలమీదను ఆధారపడి బ్రతికినవి. నీటి విలువ నింతగా నెఱిగిన సీమలో, దేహమునందలి నీరు తఱిగిపోవుటకు ఏమి పేరున్నది యను ప్రశ్న సహజముగ కలుగును.

నేటి వైద్యశాలలలో ఈ స్థితిని డీహైడ్రేషన్ అందురు. పాఠ్యపుస్తకములలో ఇది నిర్జలీకరణము. మొదటిది ఆంగ్లము, రెండవది సంస్కృతము. ఇవి రెండును రాకముందు ఈ సీమవారు దీనిని ఎట్లు చెప్పుకొనిరి? ఆ చెప్పుకొనుటలో ఏ భాగము స్పష్టమై, ఏ భాగము మఱుగున నుండెను? ఈ విచారము కేవల శబ్దకుతూహలము కాదు. ఒకే దేహస్థితి వేఱువేఱు పేరులక్రింద చీలియుండుటచేత పరస్పరవిరుద్ధములైన రెండు ఉపచారములు ఏర్పడుటయు, అందొకటి పసిబిడ్డల ప్రాణములకు ముప్పు తెచ్చుటయు ఈ శబ్దచరిత్రలో కనబడును.

తడి తొలగుటను తెలుపుటకు తెలుగున క్రియలు కొల్లలు. బట్ట ఆఱును; మిరపకాయ ఎండును; వాననీరు నేలలో ఇంకును; కూర పొయ్యిమీద ఇగురును; ఆకు వాడును; పూవు వడలును; పాడియావు వట్టిపోవును. ఒక్కొక్క క్రియకు తనకు తగిన కర్త కలదు. బట్ట వాడదు, పూవు ఇంకదు. ‘ఎండు’ అను క్రియకును ‘ఎండ’ అను నామమునకును గల సంబంధము స్పష్టము. సూర్యుని వేడిమియు, ఆ వేడిమిచే తడి పోవుటయు తెలుగువానికి ఒకే మాటలోని రెండు రూపములు. ‘వాడు’ అను క్రియ తమిళమునను ఇదే యర్థమున నున్నది. అనావృష్టిని తెలుపు ‘వఱపు’ అను మాటకు తమిళపు ‘వఱట్చి’ సజాతీయము. ఇట్లు ఎండుటకు సంబంధించిన పదసంపద మన భాషలో మిక్కిలి ప్రాచీనమైనది, సూక్ష్మమైనది.

డీహైడ్రేషన్ అను మాటకు గల అర్థములలో ఒకటి, పదార్థము చెడకుండుటకై అందలి నీటిని బుద్ధిపూర్వకముగ తీసివేయుట. ఈ పని మన యిండ్లలో అనాదిగ నున్నది. మామిడి, కాకర, వంకాయ మున్నగువానిని కోసి యెండబెట్టిన ముక్కలు వరుగులు, వాడుకలో ఒరుగులు. ఎండబెట్టిన కూరగాయలను తమిళులు ‘వఱ్ఱల్’ అందురు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములలో పసుపును ఉడికించి, దినములకొలది యెండబోసి, కొమ్ములుగ సిద్ధపఱతురు. ఆదిలాబాదు అడవులలో గోండులు వేసవి మొదట రాలిన ఇప్పపూవులను వేకువనే సేకరించి, ఎండించి, దాచుకొందురు. ఈ పనులన్నిటను నీరు పోవుట లాభమే. వస్తువు తేలికయగును, నిలువయుండును. కనుక ‘ఎండుట’ యన్నంతమాత్రమున గృహిణి మనస్సున భయము కలుగదు. అదే క్రియ దేహమునకు అన్వయించునపుడు మాత్రము ప్రాణసంకటమగును. ఆ భయమును తెలుపుటకు జనులు వేఱు మాటలను ఆశ్రయించిరి. అట్టివి ఈ సీమలో ముఖ్యముగ మూడు.

మొదటిది దూప. ఇతర ప్రాంతములవారు దాహము, దప్పి, దప్పిక యనునది ఇచ్చట దూప. ‘దూపైతున్నది’ అనునది నిత్యవ్యవహారము. దూప యనునది ఒక అనుభవమునకు పేరు. అది పడువానికే తెలియును. మాటలు రాని బిడ్డ దూపయని చెప్పజాలదు. స్పృహ తప్పుచున్న వృద్ధుడును చెప్పజాలడు. గొంతు తడియాఱుట, నాలుక పిడచకట్టుట అను పలుకుబళ్లు దూప తీవ్రమైనపుడు పుట్టినవి. ఇవి కొంతవఱకు చూచువారికిని తెలియు లక్షణములు.

రెండవది వడ. వేసవిగాలిలోని వేడిమికిని, అది సోకుటవలని రోగమునకును ఇది పేరు. వడగాలి, వడగాడ్పు, వడదెబ్బ యనునవి దీని సమాసములు. ఇందు ‘దెబ్బ’ అను మాట గమనింపదగినది. రోగహేతువు బయటనుండి వచ్చి కొట్టినదని జనుల భావన. వడ తాకినవానికి ఏమి చేయవలెనో ఈ సీమలో బాలురకును తెలియును. నీడకు చేర్చుట, తడిబట్టతో ఒడలు తుడుచుట, ఉప్పు వేసిన సల్ల, అనగా మజ్జిగ, త్రావించుట, జొన్న అంబలి పోయుట, కాల్చిన పచ్చిమామిడికాయ రసమిచ్చుట ప్రసిద్ధములు. బాటసారులకు చలివేంద్రములు పెట్టుట ఈ జ్ఞానమునకే సాంఘికరూపము. జేబులో ఉల్లిగడ్డ యుంచుకొనిన వడ తగులదను నమ్మకమును కలదు. ఉల్లిగడ్డ మాట యెట్లున్నను, సల్లయు అంబలియు చెమటతో పోయిన నీటిని, ఉప్పును దేహమునకు మరల నిచ్చుననుట సత్యము. తీవ్రమైన వడదెబ్బలో దేహతాపము మితిమీఱుట ప్రధానము. నీటి కొఱత దానికి తోడగును. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయక, ఒడలు చల్లపఱచుచు వెంటనే వైద్యశాలకు చేర్చుట అవసరము. 2015వ సంవత్సరపు మే నెలలో వీచిన వడగాలులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశములలో కలిపి రెండువేలమందికి పైగా మరణించిరనిన ఈ మాట వెనుకనున్న ప్రమాదమెంతటిదో తెలియగలదు.

మూడవది గత్తర. విషూచికకు, అనగా కలరాకు, తెలంగాణపు పేరిది. ఈ మాట అల్లకల్లోలమను అర్థమునను వాడుకలో నున్నది. గత్తర లేపుట యనగా గడబిడ పుట్టించుట. తిట్లలో శాపముగను వినబడును. గత్తర సోకినవాడు కొన్ని గంటలలోనే కన్నులు లోతుకుపోయి, చర్మము ముడుతలుపడి, గొంతు పెగలక మరణించుట పూర్వులు చూచిరి. అంత శీఘ్రమైన మృత్యువునకు దేవతాగ్రహము తప్ప వేఱొక కారణము తోచక పోచమ్మకు, మహంకాళికి మ్రొక్కిరి. సికిందరాబాదులోని ఉజ్జయినీ మహంకాళి యాలయ స్థాపనకు 1813 నాటి కలరా కారణమని ఐతిహ్యము.

ఈ మూడు మాటలను ఒకచోట చేర్చి చూచిన ఒక విషయము స్ఫురించును. దూప అనుభవమునకు పేరు. వడ బాహ్యహేతువునకు పేరు. గత్తర రోగమునకు పేరు. ఎండవలన నైనను భేదులవలన నైనను దేహమునందలి నీరును లవణమును తఱిగిపోవుట యను నడిమి కార్యమొకటి కలదు. ఈ మూడింటిలో ఏ మాటయు దానిని సూటిగ చెప్పదు. చెప్పకపోవుటవలన కలిగిన ఫలితము స్వల్పము కాదు. వడ తాకినవానికి నీరు పోసిన చేయియే, భేదులగుచున్న బిడ్డకు నీరు మాన్పినది. త్రాగినకొలది పోవుచున్నది గనుక త్రాగనీయకుండిన కట్టుననుట పల్లెలలో చిరకాలముగ నున్న తర్కము. దానికి ‘లంఘనం పరమౌషధం’ అను లోకోక్తి తోడుపడినది.

ఈ లోకోక్తికి శాస్త్రమున కొంత మూలము లేకపోలేదు. చరకసంహిత సూత్రస్థానమున లంఘనము పదివిధములుగ చెప్పబడినది. అందు ఉపవాసముతోపాటు పిపాస, అనగా దప్పిని ఓర్చుకొనుటయు, ఒకటి. కాని దానిని ఎవరికి, ఎప్పుడు విధింపవలెనను వివేచనము ఆ శాస్త్రముననే కలదు. లోకోక్తి వివేచనమును విడిచి విధిని మాత్రము నిలుపుకొన్నది. దేహమునందలి నీటిని గూర్చి ఆ గ్రంథము చెప్పిన యితరవిషయములు జనులలో వ్యాపింపలేదు. విమానస్థానమున ఉదకవహస్రోతస్సులు వేఱుగ పేర్కొనబడినవి. అవి చెడినపుడు నాలుక, తాలువు, పెదవులు, కంఠము ఎండుటయు, దప్పి మితిమీఱుటయు లక్షణములుగ చెప్పబడినవి. చికిత్సాస్థానమున తృష్ణ యొక రోగముగ పరిగణింపబడి, ఐదు విధములుగ విభజింపబడినది. అందొకటి క్షయజ తృష్ణ. దేహమందలి రసధాతువు క్షీణించుటవలన కలుగు దప్పి యని దాని యర్థము. సుశ్రుతుడు తృష్ణను ఏడు విధములుగ విభజించెను. అతిసారమను పేరు ప్రవాహమును చెప్పును. విషూచిక యను పేరు సూదులతో పొడిచినట్లుండు బాధను చెప్పును. క్షయజ తృష్ణ యను పేరొక్కటియే తఱుగుదలను చెప్పును. ప్రాచీనులు ఈ నడిమి కార్యమును గుర్తింపకపోలేదనుటకు ఇది తార్కాణము. జ్వరమున దప్పిగొన్నవానికి తుంగముస్తలు, పర్పాటకము, వట్టివేళ్లు, చందనము, కురువేరు, శొంఠి వేసి కాచిన షడంగపానీయమును, అతిసారమున మండము, పేయ యను పలుచని గంజులను శాస్త్రము విధించినది. శాస్త్రము పోయుమన్న గంజి మఱుగుపడి, లోకోక్తి మాన్పుమన్న నీరే మనస్సులలో నిలిచినది.

ఇక నేటి పారిభాషికపదములు. డీహైడ్రేషన్ అను మాట 19వ శతాబ్దమున రసాయనశాస్త్రముతో ఐరోపాలో ప్రచారమునకు వచ్చినది. అందలి ఉపసర్గము లాటిను. నడిమి భాగము నీటిని తెలుపు గ్రీకుపదము. ఒక పదార్థమునుండి నీటిని తొలగించుట దాని మొదటి యర్థము. చక్కెరపై గాఢగంధకికామ్లము పోసిన అందలి నీటి యంశము పోయి నల్లని బొగ్గు మిగులుటను పాఠశాలలలో చూపుదురు; అదియే ఈ శబ్దమునకు ఆదర్శమైన ఉదాహరణము. దేహస్థితిని తెలుపుటకు వైద్యులు దీనిని తరువాత గ్రహించిరి.

హైదరాబాదు సంస్థానమున ఈ శాస్త్రపదములు తెలుగున చేరుటకు దారి వంకరగ నుండెను. 1906లో హైదరాబాదున వెలసిన విజ్ఞానచంద్రికామండలి శాస్త్రగ్రంథములను తెలుగున ప్రకటించినది. కాని ఉన్నతవిద్య ఉర్దూలోనే సాగినది. 1917లో ఏర్పడిన అనువాదశాఖ శాస్త్రపదములను ఉర్దూలో కల్పింపగా, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము 1948 వఱకు ఆ భాషలోనే బోధించినది. కరీంనగరపు విద్యార్థి యింట దూప యనుచు, తరగతిలో ఉర్దూ పరిభాషను చదివెను. వ్యవహారమున ‘పానీ కీ కమీ’, అనగా నీటి కొఱత, అను సులభమైన పలుకు ఆ భాషలో నుండెను. 1968లో హైదరాబాదున తెలుగు అకాడమి స్థాపితమై తెలుగున ఉన్నతపాఠ్యగ్రంథములు వెలువడిన పిదప నిర్జలీకరణ శబ్దము రసాయనశాస్త్రమున స్థిరపడినది.

ఈ శబ్దనిర్మాణమును పరిశీలింపవలెను. ‘నిర్జల’ శబ్దమునకు అభూతతద్భావార్థమున చ్విప్రత్యయము చేరి, కృధాతువుతో యోగమున ‘నిర్జలీకరణము’ ఏర్పడినది. జలయుతమైనదానిని జలరహితముగ చేయుట యని యర్థము. చేయుట యనగా చేయువాడొకడు ఉండవలెను. గంధకికామ్లము కర్తగా నున్న ప్రయోగశాలలో ఈ పదము నిర్దుష్టము. దేహవిషయమున ఎవడును నీటిని తీయుటలేదు. అది తనంత పోవుచున్నది. కావున అచ్చట ‘నిర్జలీభవనము’ అనుట వ్యాకరణమునకు సన్నిహితము. అయినను రెండింటను ఒక దోషము సమానము. నిర్జల మనగా నీరు బొత్తిగ లేనిది. దేహము ఆ స్థితికి రాకముందే ప్రాణము పోవును. ప్రాయమువచ్చినవాని దేహభారమున సుమారు 60 పాళ్లు నీరు. శిశువునందు అది ఇంకను అధికము. శిశువు తన భారములో నూటికి పదిపాళ్ల నీటిని కోల్పోయిన నది తీవ్రాపాయము. అపాయము నీటి యభావమున లేదు, తఱుగుదలలో నున్నది. మఱియు జ్యేష్ఠశుద్ధైకాదశిని నిర్జలైకాదశి యనుటచేత, ఆస్తికజనులకు నిర్జల శబ్దము నీరు ముట్టని వ్రతమును స్ఫురింపజేయును. భేదులైన బిడ్డకు నీరు మాన్పు అలవాటున్న సీమలో ఈ స్ఫురణము క్షేమకరము కాదు. లవణము మాట ఈ పదమున లేనేలేదు.

లవణము ముఖ్యమని వైద్యులు గ్రహించిన చరిత్రమును ఇచ్చట సంగ్రహముగ చెప్పవలెను. 1831–32లో ఇంగ్లండున కలరా వ్యాపించినపుడు ఒషానసీ యను యువవైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి, అందలి నీరును లవణములును తఱిగినవని కనుగొనెను. ఈతడే పిదప కలకత్తా వైద్యకళాశాలలో రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. 1832లో స్కాట్లండులోని లీత్ పట్టణమున థామస్ లట్టా యను వైద్యుడు ఉప్పునీటిని రోగి సిరలోనికి ఎక్కించెను. 20వ శతాబ్దారంభమున కలకత్తాలో లెనర్డ్ రోజర్స్ ఈ పద్ధతిని సంస్కరించి కలరా మరణములను మిక్కిలి తగ్గించెను. కాని సూదియు, సీసాయు, నేర్పరియైన వైద్యుడును లేనిచోట ఇది నిరుపయోగము. 1953లో హేమేంద్రనాథ చటర్జీ కలకత్తాలో లవణజలమును నోటిద్వారా ఇచ్చి చూచి ప్రకటించెను. 1968లో ఢాకాలోని కలరా పరిశోధనాలయమున నలిన్, కాష్ అనువారు గ్లూకోజు కలిపిన లవణజలము తీవ్రరోగులకును పనిచేయునని చూపిరి. ప్రేవులలో చక్కెర లోనికి పోవుచు ఉప్పును వెంట తీసికొనిపోవును. ఉప్పువెంట నీరు పోవును. భేదులు సాగుచున్నప్పుడును ఈ మార్గము మూతపడదు. త్రాగినదంతయు వ్యర్థముగ పోవునను పల్లెతర్కమునకు ఇదియే సమాధానము. 1971లో బంగ్లాదేశ విమోచనయుద్ధకాలమున బంగావ్ కాందిశీకుల శిబిరమున దిలీప్ మహలనబీస్ సెలైను చాలక, ఈ ద్రవమును కలిపి బంధువులచేతనే రోగులకు త్రావించెను. ఇట్లు చికిత్స పొందినవారిలో మరణములు నూటికి సుమారు 30 నుండి 4 లోపునకు తగ్గినవి. 1978లో లాన్సెట్ పత్రిక ఈ తత్త్వమును ఆ శతాబ్దపు వైద్యపురోగతులలో అత్యంత ప్రధానమగుటకు అర్హమైనదిగ కొనియాడెను.

ఔషధము దొరకిన తరువాతను మాటయే అడ్డమైన సందర్భమొకటి బంగ్లాదేశమున నడచినది. 1980 మొదలు 1990 వఱకు బ్రాక్ అను సంస్థ స్త్రీలను ఇంటింటికి పంపి, చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము నీట కలుపు విధమును కోటికిపైగా గృహములలో నేర్పినది. నేర్చినవారు చక్కగనే నేర్చిరి. కాని వాడినవారు తక్కువ. కారణము విచారింపగా, ఆ గ్రామస్త్రీలు భేదులను నాలుగు పేరులతో విభజించుచున్నారని తేలినది: పాలు త్రాగు శిశువునకు కలుగునది దూద్‌హాగా, తిన్నది అఱుగక కలుగునది అజీర్ణ, జిగటతో కలుగునది ఆమాశా, కలరావంటిది డాయిరియా. ఉపదేశకులు డాయిరియాకు త్రావింపుడని చెప్పిరి. తల్లులు దానిని అక్షరశః గ్రహించి, తక్కిన మూడింటికి వాడలేదు. పిమ్మట ఉపదేశమున నాలుగు పేరులను చేర్చవలసివచ్చినది.

ఉత్తర తెలంగాణమునకు ఇందొక హెచ్చరిక కలదు. నేడు పల్లెలలో డీహైడ్రేషన్ అను మాట వ్యాపించినది. అక్షరాస్యులు కానివారును దానిని పలుకుచున్నారు. కాని అది వైద్యశాలనుండి వచ్చిన మాట గనుక దానితోపాటు సూదియు గ్లూకోజు సీసాయు వచ్చినవి. డీహైడ్రేషన్ అయినదన్న, సీసా ఎక్కింపవలెనని అర్థమైనది. ఇంట త్రాగు ద్రవము ఔషధమను భావము వెనుకబడినది. సీసా తీవ్రస్థితికి, త్రాగలేనివానికి ఆవశ్యకమే. కాని వైద్యశాల దూరముననున్న అడవిగూడెమున ఆలస్యమే మృత్యుహేతువగును. ప్రభుత్వవైద్యశాలలలో నిచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లము లేనప్పుడు, లీటరు శుభ్రమైన నీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును, రెండును గీటుకు సరిగ కొలిచి, కలిపి త్రావింపవచ్చును. ఉప్పు కొలత మీఱరాదు. ఉప్పు కలిపిన పలుచని గంజియు మంచిదే. ఇది శాస్త్రము చెప్పిన పేయకు దూరమైనది కాదు.

కావున ఈ స్థితిని చెప్పుటకు తగిన తెలుగుమాట ఏది? పండితులు కొత్తగ కల్పింపవలసిన పని లేదు. ఈ సీమ స్త్రీలు రోగియైన బిడ్డను చూచి ‘వాడిపోయిండు’ అందురు. ఆకునకు చెందిన క్రియను బిడ్డకు అన్వయించుటలో ఉపమానమే కాదు, పరిశీలనమును కలదు. నీరు తగ్గిన ఆకు మెత్తబడి వ్రాలును. నీరు తగ్గిన బిడ్డ కన్నులు గుంటలుపడి, మాడు లోతై, పట్టి విడిచిన చర్మము వెంటనే సరికాక, మూత్రము తఱిగి, సోలిపోవును. ఎండిన ఆకు మరల పచ్చబడదు. వాడిన ఆకు నీరు పోసిన తేఱుకొనును. ‘ఎండు’ అనుటకును ‘వాడు’ అనుటకును గల ఈ భేదముననే చికిత్సకు వ్యవధి యున్నది. కారణమును చెప్పుటకును జనులు ‘ఒంట్ల నీళ్లు తక్కువైనయి’ అను వాక్యమును తామే కల్పించుకొనియున్నారు. పానీ కీ కమీ యను ఉర్దూ పలుకునకు ఇది సమానము. ఇందు నీరు పూర్తిగ లేదనుట లేదు, తక్కువైనదనుటయే యున్నది. తక్కువైనదానిని నింపవచ్చునను ఆశ యందే యిమిడియున్నది.

నిర్జలీకరణ శబ్దము రసాయనపాఠమున నుండదగినది; అచ్చట దానికి లోపము లేదు. ఆరోగ్యపాఠమున మాత్రము, ఉపాధ్యాయుడు ఆ శబ్దమును చెప్పినపుడు దానిప్రక్కన దూపను, వడను, భేదులకు ఆ యూర నున్న ప్రతి పేరును నిలిపి, అన్నిటను ఒంటినీరును ఉప్పును తఱుగుచున్నవని తెలుపుట కర్తవ్యము. వడ తాకినవానికి సల్ల పోయు చేయి, భేదులైన బిడ్డకును జంకక ఉప్పుగంజి పోసిననాడు ఆ మూడు మాటల నడుమ చిరకాలముగ నున్న వెలితి పూడినట్లగును.